తోట అమ్మెయ్యకు తమ్ముడూ

ప్రశ్న: నాది రాజోలు దగ్గర పల్లెటూరు. వయసు 29. రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్‌గా చేస్తున్నాను, జీతం 24 వేలు. రాత్రి చెరువు గట్టు మీద ఖాళీ దొరికినప్పుడల్లా ఫోన్లో సినిమాలు చూస్తాను. రెండేళ్ళ క్రితం జాన్ సేల్స్ అనే అమెరికన్ దర్శకుడిది ఒకటి చూశాను, బొగ్గుగని కార్మికుల సమ్మె మీద తీసింది. అప్పట్నుంచి ఆయన గురించి దొరికిందల్లా చదివాను. వేరేవాళ్ళకి స్క్రిప్టులు రాసి, ఆ డబ్బుతో తన సినిమాలు తనే రాసుకుని తీశాడట. నాకూ అలాగే బతకాలని ఉంది. ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్ళిపోవాలా? నా వాటాకి అర ఎకరం కొబ్బరితోట వస్తుంది, అది అమ్మితే సినిమా మొదలెట్టొచ్చు. నాన్న ఏమీ అనడం లేదు. అమ్మ మాత్రం “తోట కూడా లేకపోతే నీకు పిల్లనెవరిస్తార్రా” అంటోంది. నేను రాసుకున్న స్క్రిప్టు జతచేశాను. చదివి చెప్పండి.

జవాబు:

తమ్ముడూ, తోట అమ్మెయ్యకు. ముందు ఆ మాట చెప్పేస్తే తర్వాత మిగతావి నిమ్మళంగా మాట్లాడుకోవచ్చు.

ఇది పెద్దవాళ్ళు చెప్పే జాగ్రత్త మాట అనుకోవద్దు. నేను అమ్మినవాణ్ణి. 2012లో, మా నాన్నగారు పోయాక నా పేరు మీదకి వచ్చిన నలభై సెంట్లు అమ్మి సినిమా మొదలుపెట్టాను. అప్పటికి ఏడేళ్ళు కృష్ణానగర్‌లో ఉండి, అసిస్టెంట్ డైరెక్టర్‌గా క్లాప్ కొట్టి, కంటిన్యుటీ రాసి, వేరేవాళ్ళ సినిమాలకి వెర్షన్లు రాసి వచ్చినవాణ్ణి. పని తెలీక చెడిపోలేదు నేను. నా కథ సగం కాలువ మీద నడుస్తుంది. పడవ, రేవు, లాకుల దగ్గర ఒక పెద్ద సీను. హైదరాబాద్ నుంచి కాస్త పేరున్న నటుణ్ణి ఒప్పించాను. ఆయన డేట్లు మే నెలలో దొరికాయి. దొరకడమే మహాభాగ్యం అనుకుని యూనిట్‌ని తీసుకుని ఊళ్ళో దిగాను. దిగేసరికి కాలువలు కట్టేశారు. డెల్టాలో పుట్టి పెరిగినవాడికి ఎండాకాలం కాలువల్లో నీళ్ళుండవని ఒకరు చెప్పాలా? తెలుసు. తెలిసి కూడా డేట్లు పోతాయన్న భయంతో, ఏదో ఒకటి సర్దుకోవచ్చులే అనుకున్నాను. బురదలో కూరుకుపోయిన పడవ పక్కన నిలబడి పద్దెనిమిది రోజులు ఏదో తీశాను. డబ్బు అయిపోయింది. ఆ హార్డ్ డిస్కు ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

పోయినేడాది ఒకసారి దాన్ని తీసి చూశాను. పద్దెనిమిది రోజుల్లో ప్రాణమున్న ముక్క ఒక్కటే కనిపించింది. లైటు సర్దుకుంటున్నప్పుడు కెమెరా కుర్రాడు ఆపడం మర్చిపోయినట్టున్నాడు. మా పెద్దమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, చీపురు కోసం కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తోంది. ఆకు కొస చీలుస్తుంది, కత్తి ఒక్క లాగు లాగుతుంది, ఈనె విడిగా వచ్చేస్తుంది. పక్కన పడేస్తుంది. మధ్యలో ఒకసారి తలెత్తి మా యూనిట్ వైపు చూసి, ‘వీళ్ళకేం పనీపాటా లేదా’ అన్నట్టు మళ్ళీ తల దించేసుకుంటుంది. నాలుగు నిమిషాలుంటుంది అది. ఆవిడ ఇప్పుడు లేదు. నలభై సెంట్లకి నాకు మిగిలింది ఆ నాలుగు నిమిషాలు. అది తీయడానికి నలభై సెంట్లు అక్కర్లేదు.

ఇప్పుడు మీ జాన్ సేల్స్ దగ్గరికి వద్దాం. ఆయన గురించి చదివావు, మంచిది. కానీ నీ ఉత్తరంలో ఆయన జీవితాన్ని ఒక్క వాక్యంలో చుట్టేశావు: వేరేవాళ్ళకి రాశాడు, డబ్బొచ్చింది, తన సినిమా తీసుకున్నాడు. అసలు సంగతంతా ఆ మూడు ముక్కల మధ్యలోనే ఉంది.

సేల్స్ 1950లో పుట్టాడు. 1972లో డిగ్రీ, అదీ సైకాలజీలో. సినిమా స్కూలుకి వెళ్ళలేదు. వృద్ధుల ఆశ్రమంలో రోగులకి సాయంగా పనిచేశాడు, మాంసం ఫ్యాక్టరీలో చేశాడు, రోజుకూలీకి వెళ్ళాడు. అవి చేస్తూనే కథలు రాసి పత్రికలకి పంపాడు. మొదటి నవల 1975లో వచ్చింది. రెండోది 1977లో వస్తే, అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు తుది జాబితా దాకా వెళ్ళింది. అంటే సినిమావాళ్ళ తలుపు తట్టేసరికి ఆయన చేతిలో రెండు నవలలున్నాయి. సంభాషణ ఎలా రాయాలో, ఒక మనిషి మాట్లాడితే ఆ మనిషి పని, ఊరు, చదువు ఎలా తెలియాలో అప్పటికే చేతికి వచ్చేసింది. నువ్వు సినిమా రాయడానికి ముందు కథలు రాశావా? ఉత్తరంలో ఎక్కడా చెప్పలేదు. రాయకపోతే ఇప్పుడు మొదలెట్టు. కాగితానికీ కలానికీ ఎవరి డేట్లూ అక్కర్లేదు.

అప్పుడు రోజర్ కార్మన్ అనే నిర్మాత దగ్గర చేరాడు. చవగ్గా, త్వరగా తీసే సినిమాలకి ఆయన పెట్టింది పేరు. సేల్స్ మొదట రాసింది మనుషుల్ని పీక్కుతినే చేపల కథ, 1978లో వచ్చిన పిరానా. ఇలాంటిది నాకెందుకులే అని తేలిగ్గా రాసి పారెయ్యలేదు. చేపలు నీళ్ళలోనే ఉంటాయి కాబట్టి మనుషులు నీళ్ళలోకి దిగడానికి కారణం కావాలి, ఆ కారణాలు నమ్మేలా ఉండాలి. ఆ పనిని పనిగా నేర్చుకున్నాడు. రాసింది నెలల్లోనే తెర మీదకి రావడం చూశాడు. ఏది నిలబడిందో ఏది తేలిపోయిందో కళ్ళారా చూసుకున్నాడు. డబ్బుతో పాటు ఆయన తెచ్చుకున్న చదువు అది.

ఆ సంపాదనతోనే మొదటి సినిమా తీశాడు, రిటర్న్ ఆఫ్ ది సెకాకస్ సెవెన్. 1980లో బయటికొచ్చింది. మొత్తం ఖర్చు సుమారు అరవై వేల డాలర్లని చెబుతారు. నువ్వు నోట్‌బుక్కులో రాసుకోవాల్సింది ఇక్కడుంది. ఆయన ముందు కథ రాసేసుకుని తర్వాత డబ్బు కోసం వెతకలేదు. నా దగ్గర ఏముంది అని ముందు లెక్కేసుకున్నాడు. వేసవి నాటకాల్లో తనతో పనిచేసిన నటులున్నారు, బాగా చేస్తారు, నటుల సంఘంలో సభ్యులు కాదు కాబట్టి పెద్ద పారితోషికాలు ఇవ్వక్కర్లేదు. వాళ్ళందరికీ ముప్పై ఏళ్ళ చుట్టుపక్కల వయసు. సరే, ముప్పైకి చేరుకుంటున్న స్నేహితుల కథే రాద్దాం. అందర్నీ ఊళ్ళు తిప్పే స్తోమత లేదు. సరే, ఒక శనాదివారాలు అందరూ ఒకే ఇంట్లో కలుసుకుంటారు. యూనిట్ దిగిన చోటే షూటింగ్. కెమెరాని కదిలించే సరంజామా లేదు. సరే, పాత్రలు ఎక్కువ పెట్టి, ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి కత్తిరించుకుంటూ పోదాం, కదలిక అలా వస్తుంది. ఒక వేషం తనే వేశాడు. ఎడిటింగూ తనే. ఆయన జీవితంలోనూ సినిమాల్లోనూ తోడైన మ్యాగీ రెంజీ ఆ సినిమాలో నటించింది, తర్వాత ఎన్నో సినిమాలకి నిర్మాతగా నిలబడింది. ఆ చిన్న సినిమాకే లాస్ ఏంజలెస్ విమర్శకులు ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి ఇచ్చారు.

చూశావా, నేను బురదలో ఎందుకు కూరుకుపోయానో? నా చేతిలో లేని కాలువ మీద, నా చేతిలో లేని డేట్ల మీద కథ కట్టుకున్నాను. ఆయన చేతిలో ఉన్నవాటి మీద కట్టుకున్నాడు.

ఇదంతా అమెరికా సంగతి, మనకెక్కడ కుదురుతుంది అంటావేమో. మన గోదారి వాళ్ళిద్దరు అరవై ఏళ్ళనాడే ఇంచుమించు ఇదే దారిన నడిచారు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ, నరసాపురంలో పుట్టిన బాపు. రమణగారు ముందు పత్రికల్లో పనిచేశారు, కథలు రాశారు, తర్వాత వేరేవాళ్ళ సినిమాలకి రాశారు. 1962లో రక్తసంబంధం, 1964లో మూగమనసులు, రెండింటి రచనలోనూ ఆయన చెయ్యి ఉంది. బాపుగారు బొమ్మలు వేసుకుంటూ బతికారు. అలా చేతిపని మీద నిలబడ్డాకే 1967లో సాక్షి తీశారు. స్టూడియోలో సెట్లు వేసే రోజుల్లో ఆత్రేయపురం దగ్గర పులిదిండి వెళ్ళి, ఆ ఊళ్ళోనే, ఆ వెలుతుర్లోనే, తక్కువ ఖర్చులో తీసుకున్నారు. ఆ కథా రమణగారు ముందే రాసుకున్న సొంత కథే. పులిదిండి మీకు ఎంత దూరం? బైకు మీద ఒక పూటలో వెళ్ళిరావచ్చు. వెళ్ళి ఆ గోదారి గట్టు చూసిరా, నాకోసమైనా.

ఇంకో మనిషి పేరు చెబుతాను, ఈవిడ నీ వయసువాళ్ళకి దగ్గర. అస్సాంలో రీమా దాస్. సినిమా స్కూలుకి వెళ్ళలేదు. సొంత ఊరికి తిరిగొచ్చి, ఊళ్ళో పిల్లలతో, ఒక స్టిల్ కెమెరాతో, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా విలేజ్ రాక్‌స్టార్స్ తీసింది. రచన, దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్, నిర్మాణం అన్నీ ఆవిడే. వరద వస్తే వరదే తీసింది. 2018లో ఆ సినిమాకి జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది, ఆ ఏడు మన దేశం తరఫున ఆస్కార్‌కి పంపిందీ దాన్నే. బ్రహ్మపుత్ర పక్క పల్లెకి వరద ఎంతో, వశిష్ఠ పక్క లంకకీ అంతే కదా.

ఇక నీ స్క్రిప్టు. చదివాను, రెండుసార్లు. ఉన్నమాట చెబుతాను, మనసు కష్టపెట్టుకోవద్దు. హైదరాబాద్‌లో పోలీసాఫీసరు, వానలో కారు ఛేజింగు, పాతబస్తీలో గోడౌను. వీటిలో ఒక్కటీ నువ్వు చూసింది కాదు. నువ్వు సినిమాల్లో చూసింది. అందులో మనుషులు మాట్లాడే మాట కూడా సినిమాల్లో విన్న మాటే. నూట ముప్పై పేజీల్లో ఎక్కడా మీ ఊరివాడు ఒక్కడు కూడా కనబడలేదు నాకు. తీయాలంటే కోట్లు కావాలి, తోట అమ్మితే అందులో ఒక్క ఛేజింగుకి కూడా రాదు.

కానీ నీ ఉత్తరంలో, స్క్రిప్టు గురించి చెప్పడానికి ముందు, ఆలస్యంగా రాస్తున్నందుకు సంజాయిషీగా ఒక పేరా రాశావు. దాన్ని నేను పైన అచ్చువెయ్యలేదు, ఇక్కడ చెప్పడం కోసం దాచుకున్నాను. రాత్రి రెండింటికి చెక్ ట్రే, అదే రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం, పైకి లాగి టార్చి వేస్తే రొయ్యల కళ్ళు ఎర్రగా నిప్పు కణికల్లా మెరుస్తాయన్నావు. ట్రేలో మేత మిగిలిపోతే గుండె జారిపోతుందన్నావు. ఆ రాత్రి ఉన్నట్టుండి కరెంటు పోయింది. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ లేచి కూర్చున్నారని రాశావు.

తమ్ముడూ, చప్పుడుకి నిద్ర లేచే మనుషుల్ని ఎన్ని సినిమాల్లో చూశాం! చప్పుడు ఆగిపోతే లేచే ఊరు తెలుగు తెర మీద నేనింతవరకు చూడలేదు. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే గంటల్లో పంట మొత్తం పోతుంది, అప్పు మిగులుతుంది. జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో అన్న ఒక్క అనుమానంతో ఒక మనిషి చీకట్లో గట్టు మీద పరిగెత్తడం, అది నీ ఛేజింగు. దానికి కారు అక్కర్లేదు. పది పన్నెండు నిమిషాల చిన్న సినిమాగా ముందు అది రాయి. నీ అసలు సినిమాకి అది విత్తనం అవుతుందో లేదో ఇప్పుడే తేల్చక్కర్లేదు.

అది తీసేటప్పుడు కెమెరా గురించి ఎక్కువ దిగులు పెట్టుకోకు. ఇప్పుడు పెళ్ళి వీడియోలు తీసే కుర్రాళ్ళ దగ్గర ఉన్న కెమెరాలు నా 2012 నాటి కెమెరా కంటే చాలా మెరుగు. అమలాపురంలోనో పాలకొల్లులోనో అడిగితే ముహూర్తాలు లేని రోజుల్లో సగం అద్దెకే ఇస్తారు. డబ్బు పెట్టాల్సింది శబ్దం మీద. మన సినిమాలకి డబ్బింగు అలవాటు. షూటింగులో ఏదో ఒకటి పలికించేసి తర్వాత థియేటర్లో కూర్చుని చెప్పించుకుంటాం. నటన వృత్తిగా ఉన్నవాళ్ళకి అది కుదురుతుంది. మీ చెరువు కాపలాదారు తాతని తీసుకెళ్ళి అద్దాల గదిలో కూర్చోబెట్టి, మూడు నెలల క్రితం అన్న మాటని పెదాలకి సరిపోయేలా మళ్ళీ చెప్పమంటే, పాపం ఆయన చెప్పలేడు. ఆయన గట్టు మీద అన్నదే అసలు మాట. అక్కడే పట్టుకోవాలి. అందుకని మంచి మైకు, దాన్ని పట్టుకోవడం తెలిసిన మనిషి, ఈ రెండింటికీ ముందు డబ్బు తీసిపెట్టు.

మరి ఏరియేటర్ల హోరు? అది నీకు నాకంటే బాగా తెలుసు. మధ్యాహ్నం ఎండ కాసేటప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ బాగుంటుంది, రైతు ఒప్పుకుంటే కాసేపు ఆపించి మాటల సీన్లు తీసుకోవచ్చు. రాత్రిళ్ళు మాత్రం ఎవరినీ అడక్కు, ఒకడి పంటతో ఆడుకునే హక్కు మన సినిమాకి లేదు. కరెంటు పోయిన సీనుని పట్టుబడి అయిపోయి, రొయ్యలు లేని చెరువు దగ్గర తియ్యి. హోరుని ముందే విడిగా రికార్డు చేసుకుని, కావాల్సిన చోట టక్కున కోసెయ్యి. హాల్లో కూర్చున్నవాడి చెవిలో ఆ కోత పడాలి.

హైదరాబాద్ వెళ్ళాలా అన్నావు. వెళ్ళు, కానీ ఉద్యోగం మానేసి కాదు. పంటకీ పంటకీ మధ్య చెరువు ఎండబెట్టే రోజులుంటాయి కదా, అప్పుడు సెలవు పెట్టి పదిహేను రోజులకి వెళ్ళు. తెలిసినవాళ్ళ గదిలో దిగు. రచయితల దగ్గర కూర్చో. సీరియల్స్‌కీ వెబ్ సిరీస్‌లకీ ఇప్పుడు రాసే చేతులు చాలా కావాలి, ఎపిసోడ్‌కి ఇంత అని ఇస్తారు, గోదారి మాట నిజంగా తెలిసినవాడి కోసం వెతుకుతుంటారు కూడా. ఆ పని చిన్నదని అనుకోకు. సేల్స్ చేపల కథలు రాశాడు, తన సినిమాలతో పేరొచ్చాక కూడా పెద్ద సినిమాల స్క్రిప్టులు తిరగరాసి ఇచ్చాడు, వాటిలో కొన్నిటికి తెర మీద పేరు కూడా లేదు. డబ్బు తీసుకుని వచ్చి తన పని చేసుకున్నాడు. చాలామంది అక్కడే ఉండిపోతారు. ఆయన తిరిగి రావడం నేర్చుకున్నాడు.

రాసేటప్పుడు రెండు విషయాలు మాత్రం గట్టిగా పట్టుకో. కథని సిట్టింగులో, అంటే కథ చర్చించుకునే చోట, నోటితో చెప్పెయ్యకు. కాపీరైట్ చట్టం ఆలోచనని కాపాడదు, కాగితం మీద రాసిన రూపాన్నే కాపాడుతుంది. అందుకని పూర్తిగా రాసి, రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకున్నాకే ఇంకొకరికి చూపించు. రెండోది, అడ్వాన్సూ అగ్రిమెంటూ లేకుండా రెండో వెర్షన్ మొదలెట్టకు. నేను ఒక పెద్ద సినిమాకి మూడు నెలలు మాటలు రాశాను, కాగితం మీద ఏమీ లేదు. మొదటి విడత ఇచ్చారు. తర్వాత ఫోనెత్తడం మానేశారు. సినిమా విడుదలైన రోజు హాల్లో కూర్చుని నా మాటలకి జనం చప్పట్లు కొడుతుంటే విన్నాను, టైటిల్స్‌లో నా పేరు లేదు. ఆ రోజు కలిగిన బాధ ఇంకా తగ్గలేదు, అది నీకు రాకూడదు.

చిన్న సినిమా చేతికొచ్చాక చూపించడానికి దారులున్నాయి. గోవాలో ప్రతి నవంబరులో చలనచిత్రోత్సవంతో పాటు కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ వాళ్ళ ఫిల్మ్ బజార్ జరుగుతుంది, ఇప్పుడు దాన్ని వేవ్స్ ఫిల్మ్ బజార్ అంటున్నారు. స్క్రిప్టు మీద పనిచేసే ల్యాబూ ఉంది, నిర్మాతలతో కలిపే మార్కెట్టూ ఉంది. నెదర్లాండ్స్‌లో రాటర్‌డామ్ ఉత్సవం వాళ్ళకి హుబర్ట్ బాల్స్ ఫండ్ అని ఒకటుంది, మనలాంటి దేశాల దర్శకులకి స్క్రిప్టు దశలోనే డబ్బు ఇస్తారు. దరఖాస్తు ఇంగ్లీషులో రాయాలి, దానికి ఊళ్ళో ఇంగ్లీషు మాస్టారి సాయం తీసుకో, సిగ్గుపడకు. తెలుగు జనం ఇలాంటివి చూడరని ఎవరైనా అంటే, 2018లో కేరాఫ్ కంచరపాలెం ఎలా ఆడిందో గుర్తుచెయ్యి. విశాఖలో ఆ పేట మనుషుల్నే పెట్టి వెంకటేష్ మహా తీశాడు, జనం డబ్బిచ్చి చూశారు.

ఇప్పుడు నువ్వు చదివినా ఉత్తరంలో రాయని భాగం. అది కూడా తెలుసుకునే దిగాలి.

నువ్వు చూసిన ఆ బొగ్గుగని సినిమా, మేట్‌వాన్, 1987లో వచ్చింది. స్క్రిప్టు అంతకు చాలా ముందే సిద్ధంగా ఉంది. 1980ల మొదట్లో తీయబోతుంటే డబ్బు పెడతామన్నవాళ్ళు చివరి నిమిషంలో తప్పుకున్నారు. సేల్స్ కూర్చుని ఏడవలేదు, మేధావులకిచ్చే మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ 1983లో వస్తే ఆ డబ్బూ తన డబ్బూ కలిపి న్యూయార్క్ హార్లెమ్‌లో ఇంకో చిన్న సినిమా తీశాడు. అదే కాలంలో ఒక పెద్ద స్టూడియోకి సినిమా చేస్తే ఎడిటింగ్ దగ్గర పేచీ వచ్చింది. అప్పట్నుంచి చివరి కోత నాదే అన్న షరతు వదల్లేదు. ఆ షరతు కోసం పెద్ద బడ్జెట్లు వదులుకున్నాడు. స్క్రీన్‌ప్లేకి రెండుసార్లు ఆస్కార్ నామినేషన్ వచ్చింది, 1992 నాటి ప్యాషన్ ఫిష్‌కీ, 1996 నాటి లోన్ స్టార్‌కీ. మొత్తం పద్దెనిమిది సినిమాలు తీశాడు.

చివరిది 2013లో వచ్చింది. అంత పేరు, అన్ని సినిమాలు, అయినా ఆ తర్వాత ఇంకోటి రాలేదు. ఆయన ఖాళీగా కూర్చోలేదు, లావుపాటి నవలలు రాస్తున్నాడు, 2020లో ఒకటి, 2023లో ఒకటి వచ్చాయి. ఎక్కడ మొదలెట్టాడో ఆ కాగితం దగ్గరికే వచ్చి కూర్చున్నాడు. నువ్వు ఇష్టపడిన మనిషి జీవితం ఇది. బహుమతులొస్తే డబ్బు దారి తెరుచుకుంటుందని దీన్లో ఎక్కడా లేదు. ప్రతి సినిమాకీ మళ్ళీ మొదటినుంచీ మొదలెట్టాడు. ప్రతిసారీ బతకడానికి ఇంకో పని చేతిలో ఉంది. ఆ ఇంకో పని ఉండబట్టే ఎవరో ఒప్పుకోమన్నదానికి ఒప్పుకోకుండా ఉండగలిగాడు. నీకు చెరువు ఉద్యోగం అది. అర ఎకరం తోట అది. రెండు నెలలకోసారి కాయలు దింపితే వచ్చే డబ్బు తక్కువే కావచ్చు, అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ధర ఒక నెల నవ్విస్తుంది ఒక నెల ఏడిపిస్తుంది. అయినా ఎవడో నిర్మాత ‘హీరోయిన్ పాట ఒకటి పెట్టు’ అన్నప్పుడు ‘వద్దండీ’ అనగలగడానికి ఆ చెట్లు నీ వెనకాల నిలబడతాయి. అమ్మేశాక నేను ఆ మాట అనలేకపోయాను.

మీ అమ్మగారి మాట. ఆవిణ్ణి నీ దారికి అడ్డం అనుకోకు. ఆవిడ భయం నిజమైన భయం, మన దగ్గర సంబంధాలు ఎలా చూస్తారో నీకూ తెలుసు. ఆవిడతో కూర్చుని ఒక మాట చెప్పు: తోట అమ్మను, ఉద్యోగం మానను, నెలకి నాలుగు వేలు నా సినిమాకి విడిగా దాచుకుంటాను. ఏడాదికి దాదాపు యాభై వేలు అవుతాయి, పది నిమిషాల సినిమాకి మైకూ, కెమెరా అద్దె, నలుగురికి భోజనాలూ వస్తాయి. రాబోయే పిల్లకి కూడా మొదటి మాటల్లోనే చెప్పు, దాచకు. మీ నాన్నగారు ఏమీ అనడం లేదన్నావు. ఆయనతో ఒకసారి తోటలోకి వెళ్ళు, ఊరికే. దింపు జరుగుతున్న రోజు అయితే మరీ మంచిది. ఏ చెట్టు ఎవరు నాటారో అడుగు. ఆయన మౌనంలో ఏముందో అక్కడ తెలుస్తుంది. బహుశా నీ రెండో కథ కూడా.

స్క్రిప్టు నీకు తిరిగి పంపిస్తున్నాను. దాన్ని దిద్దే పని పెట్టుకోకు. ఈసారి నాకు రెండు పేజీలు పంపు చాలు, కరెంటు పోయిన ఆ రాత్రి. ఊళ్ళో మొదట లేచింది ఎవరు? టార్చి ఎవరి చేతిలో ఉంది? జనరేటర్ తాళం ఆ వేళకి ఎవరింట్లో ఉంది?